షేకు గారి కోటలో చీకటి గది

కరోనా సద్దుమణిగిన ఏడాది, బర్ దుబాయ్‌లో నేనుండే మా అబ్బాయి వాళ్లింటికి గోదావరి వైపు నుంచి పనిమనిషి వచ్చింది. వచ్చిన రోజే ఆమె పాస్‌పోర్టు తీసి నా పెట్టెలో పెట్టాను. బజారుకు వెళ్తే ఆమెను లోపలుంచి బయట తాళం వేసేదాన్ని. ఇక్కడ చాలామంది చేసేదే కదా అనుకున్నాను. యజమానిని వదిలి పారిపోయినవాళ్లని ఖల్లివల్లి అంటారు. అలా పోతే కఫీలుగా, అంటే ఆమెకు పూచీగా, సంతకం పెట్టిన మావాడి మెడకు చుట్టుకుంటుంది.

ఒక బుధవారం ఆమె వంటింట్లో నసిగింది. "మా అక్క ఊరెల్లిపోతందండి మామ్మగారూ. షార్జాలో ఉంటాది. ఓపాలి సూసొచ్చేత్తానండి."

"వెళ్లినదానివి తిరిగొస్తావని ఏమిటే నమ్మకం? ఫోన్లో మాట్లాడుకో, చాలు. అదీ పనయ్యాక."

ఆమె పప్పు గిన్నె తోముకుంది.

శనివారం మనవరాలి బడి పనికని షార్జాలో పాత కోట చూడబోయాం. ఏసీ, లైట్లు ఆపానో లేదో మళ్లీ చూసుకుని బయల్దేరాను. చంటి మనవణ్ణి ఎత్తుకోవడానికి ఆమెనూ తీసుకెళ్లాం. అబ్బాయి మమ్మల్ని దింపి కారు నిలపడానికి పోయాడు.

నాది మూడో తరగతి చదువు. అక్కడి పలకల మీద రాసింది మనవరాలే చదివి చెప్పింది. "పైన షేకు వాళ్ల ఇల్లు నానమ్మా. కింద ఈ గదిలో ఖైదీలట." మందపాటి గోడలు, కిటికీ లేని చీకటి, కాళ్లు బిగించే బొండకొయ్య.

"ఒక్క ఇంట్లోనేనా? కింద మనిషిని కట్టేసి, పైన వాళ్లకు నిద్రెలా పట్టేదే?" అన్నాను. గట్టిగానే అన్నాను.

వెనక నుంచి ఆమె నవ్వింది. "తాళంచెవి తలగడ కింద ఉంటే బాగా పట్టుద్దండి."

ఏదో హాస్యమనుకుని మనవరాలూ నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. రాత్రిళ్లు నా తలగడ కింద ఏముంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. గదమాయిద్దామని నోరు తెరిచి, మాట మార్చేశాను.

"మీ అక్క ఉండేది ఈ ఊళ్లోనేగా? ఫోన్ చెయ్యి. అబ్బాయిని కారు అటు తిప్పమంటాను."

"నిన్ననే ఇమానం ఎక్కేసిందండి."

"నాకు చెప్పొద్దటే?"

"బుధారం సెప్పేనుగదండీ," అంటూ చంటివాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని. "పద నానమ్మా, పైన చూద్దాం," అని మనవరాలు చెయ్యి లాగింది. ఆమె చూస్తుండగా ఆ మెట్లెక్కాలంటే సిగ్గేసింది. నువ్వు పోయి చూసిరా అని కిందే ఉండిపోయాను.