అవి మెతుకులు కావు

మా కార్ఖానాలో కండెలు చుట్టే అవ్వ ఈ నెల మొదట్లో జగిత్యాల పెద్దాసుపత్రిలో కన్నుమూసింది. కోరుట్ల నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసి, "సేటూ, మా అవ్వ పోయింది. ఏదన్నయితే సేటుకు చెప్పు అని ముందుగాలనే చెప్పిపెట్టింది" అంది. మగ్గాల చప్పుడులో మొదట వినపడలేదు. బయటికి వెళ్లి మళ్లీ చెప్పించుకున్నాను. దుఃఖం కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఆమెను పొగడటానికి నాకు నోరు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సిరిసిల్లలో నాకు ఎనిమిది సాంచాలున్నాయి. మరమగ్గాలను మేము సాంచాలంటాం. వాటికి కావలసిన నూలును చిన్న చిన్న కండెలకు ఎక్కించడం అవ్వ పని. మల్లాపూర్ దిక్కున మేకలు కాచుకునే ఇంట్లో పుట్టి, మా ఊరికి కోడలుగా వచ్చింది. నూలు దుమ్ముకు కొంగు ముక్కుకు కట్టుకుని, గోడవార కూర్చుని, పొద్దంతా చుట్టేది. నన్ను "కొడుకా" అని పిలిచేది. పోగులు తెగి నేను చిరాకు పడితే నవ్వేది. "తెగిన పోగును తిడ్తే అతుకుతదా కొడుకా? ముడెయ్యాలె" అనేది. నిజం చెప్పాలంటే ఆ కార్ఖానాలో నన్ను మందలించే ధైర్యం ఆమె ఒక్కతికే ఉండేది. అది నాకు ఇష్టంగానే ఉండేది కూడా.

ఎలుకలు నూలు కొరుకుతున్నాయని ఒక పిల్లిని పెంచాను. పెంచానంటే ఏముంది, మిగిలింది పడేసేవాణ్ణి, అంతే. అది రాను రాను వింతగా తయారైంది. కడుపు కుండలాగా ఉబ్బింది, వెన్నెముక మాత్రం బయటికి కనపడేది. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు, బొచ్చులో మెరుపు పోయింది. ఒక్కోసారి ముడ్డి నేలకు రాసుకుంటూ పాకుతుంటే మేమంతా సర్కస్ చూసినట్టు నవ్వేవాళ్లం. అవ్వ నవ్వలేదు.

"కొడుకా, దీని కడుపుల నట్టలున్నయ్, పురుగులు. మా మేకలకు గిట్లనే అయ్యేది. ఓపారి దవాఖానల చూపియ్యరాదు" అంది.

"పిల్లికి దవాఖానేందవ్వా? నా జ్వరానికే నేను గోలి ఏసుకుంట లేను" అన్నాను. ఎంత గొప్ప మాటో!

తర్వాత కొన్నాళ్లకు, నేసి మడత పెట్టిన బట్ట తాన్ల మీద తెల్లటి గింజలు కనపడ్డాయి. అన్నం మెతుకులు ఎండితే ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. తాన్లకు దగ్గరగా కూర్చుని తినేది అవ్వ ఒక్కతే. ఇంకేం, నా తిక్క నెత్తికెక్కింది. సాంచాల మధ్య పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు, అరవడమే అలవాటు. ఆ రోజు నేను అరవడం, కరెంటు పోవడం ఒక్కసారే అయ్యాయి. ఎనిమిది సాంచాలూ ఆగిపోయిన నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే వినపడింది.

"తిన్న చెయ్యి కడుక్కునుడు గూడ ఎర్కలేదా? తాన్ల మీద గీ మెతుకులేంది? రేపటి సంది బయట కూసోని తిను!"

పనివాళ్లందరూ తలలు తిప్పి చూశారు. ఆమె లేచి వచ్చి, ఒక గింజను వేలికొసన ఎత్తుకుని, అరచేతిలో వేసుకుని నా ముందుకు చాపింది. అది కొంచెం ముడుచుకుని, కొంచెం సాగి, కదిలింది.

"గివి మెతుకులు గావు సేటు. నట్ట ముక్కలు. పిల్లి తోక కింద చూడుండ్రి, గివే అంటుకోని ఉంటయ్. తాన్ల మీద పండుకుంటది గద, ఆడ రాల్తున్నయ్" అంది.

సేటు! అప్పటిదాకా కొడుకును. ఆ తర్వాత ఆమె నోటి నుంచి "కొడుకా" అన్న పిలుపు మళ్లీ వినలేదు. మధ్యాహ్నం తన డబ్బా పట్టుకుని బయటికి వెళ్లి, రేకుల కింద కూర్చుని మూత తీసింది. లోపల రెండు జొన్న రొట్టెలు, పుంటికూర పచ్చడి. ఆ రోజు ఆమె అన్నమే తెచ్చుకోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పిల్లి నాది, నట్టలు నా పిల్లివి, మాట పడ్డది ఆమె. "తప్పయింది అవ్వా, లోపలికి రా" అంటే ఏం పోయేది? అనలేదు. పదిమంది ముందు తిట్టగలిగిన నోటికి, పదిమంది ముందు ఆ మాట రాలేదు.

ఆ పిల్లిని బాగు చేసింది కూడా ఆమే. మా తమ్ముని గొర్లకు పోసే నట్టల మందు ఇంట్లో ఉంది, అదే ఇంత పోయమన్నాను. "గొర్లది గొర్లకే సేటు, దీని పాణం దీని తూకమంతనే ఉంటది" అని నన్ను ఆపింది. నూలు తూచే కాంటా మీద పిల్లిని సంచిలో పెట్టి తూచింది. మూడు కిలోలు కూడా లేదు. ఆ తూకం గుర్తు పెట్టుకుని, సెలవు రోజున తనే పశువుల దవాఖానాకు తీసుకుపోయింది. రెండు ముక్కలను చిన్న సీసాలో వేసి డాక్టరుకు చూపించిందట. ఆయన పిల్లి కడుపుతో ఉందా అని అడిగి, తూకానికి తగ్గ గోలి ఇచ్చాడు. బొచ్చులో దూకే పురుగులకు వేరే మందిచ్చాడు. ఆ పురుగులను నాకినా, ఎలుకలను తిన్నా నట్టలు మళ్లీ వస్తాయని, ఎలుకలు పట్టే పిల్లి కాబట్టి మూడు నెలలకోసారి మందు వెయ్యాలని చెప్పాడు.

మందు వేయడం చూడాలి! పిల్లిని తువాలలో చంటిపిల్లలా చుట్టి, ఒడిలో పెట్టుకుని, తల కొంచెం పైకెత్తి, గోలిని నాలుక మొదట్లో పెట్టి నోరు మూసేది. గొంతు మీద వేలితో నిమురుతూ, "మింగవే మా తల్లి, నీ పేరు మీద నేను మాటలు పడ్డ గదనే" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేను లెక్కలేవో చూస్తున్నట్టు తల వంచుకునేవాణ్ణి. పిల్లి పడుకునే గుడ్డలను వేడినీళ్లలో ఉడికించి ఎండేసింది. రెండు నెలల్లో పిల్లి కండ పట్టింది, బొచ్చు నిగనిగలాడింది. వాడకట్టులో ఎవరి పిల్లి కూన సేమియాల్లాంటి పురుగులు కక్కినా అవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లకు మందు చెప్పేది కాదు, దవాఖానాకు తోవ చెప్పేది.

ఆమె మాత్రం నాలుగేళ్లు బయటే తిన్నది. ఒక వానాకాలం జల్లు రేకుల కిందికి కొడుతుంటే నా మనసు ఆగలేదు. ఏం చేశానో తెలుసా? లోపలికి రమ్మనలేదు. పీట పంపాను. ఆమె ఆ పీట మీద పిల్లిని కూర్చోబెట్టి, "సేటు పంపిండు, కూసో" అని తను కింద కూర్చుని తిన్నది.

నిరుడు ఆయాసం ఎక్కువై, పని మానేసి కోరుట్లలో బిడ్డ దగ్గరికి పోయింది. మూడు నెలలకోసారి ఫోన్ వచ్చేది. "మందేసిన్రా సేటు?" అనేది. వేశామనేవాణ్ణి. ఒకసారి వెయ్యకుండానే వేశానన్నాను. ప్రతిసారీ "తప్పయింది అవ్వా" అన్న మాట నాలుక దాకా వచ్చేది. ఫోన్‌లో బాగుండదు, మనిషి ఎదురుగా చెప్పాలి అనుకునేవాణ్ణి. కోరుట్ల ఎంత దూరం కనుక!

ఆమె చనిపోయిన పదకొండో రోజున పోయాను. చిన్న ఇల్లు. ఆమె బిడ్డ నన్ను లోపల ఫ్యాను కింద చాప మీద కూర్చోబెట్టి, తనే వడ్డించింది.

"మా అవ్వ మీ ముచ్చట శానా చెప్పేది సేటు. పగటిపూట సాంచలు బంద్ చేసి అందరు ఒక్కకాడ కూసోని తింటరట గద. మీరు గూడ నడుమల కూసోని, మా అవ్వ పచ్చడి అడిగి ఏయించుకునేటోళ్లట" అంది.

అట్లా ఒక్క రోజు కూడా జరగలేదు. తలూపి ఊరుకోవచ్చు. కానీ ఇంకా ఎన్నాళ్లు? కంచంలో చెయ్యి పెట్టుకునే మొత్తం చెప్పేశాను. తాన్లు, గింజలు, నా అరుపు, జొన్న రొట్టెలు, పీట, ఏదీ దాచలేదు.

"వానకాలం గూడ బయటనేనా?" అని అడిగింది.

"అవునమ్మా. తప్పు నాది. ఆమెకు చెప్పలేకపోయిన, నీకన్న చెప్పాలె అనుకున్న."

అన్నం గిన్నెను తన దగ్గరికి జరుపుకుంటూ అంది. "నాకు గూడ చెప్పకుంటే అయిపోతుండె గద సేటు."

నా బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టానని అప్పుడు తెలిసింది. తల్లి బిడ్డకు మిగిల్చిపోయిన ఆ ఒక్క మంచి ముచ్చటను, నేను అన్నం తింటూ కూర్చుని లాక్కున్నాను. ఆమె నన్ను తిట్టలేదు, లేచిపొమ్మనలేదు. అన్నం గిన్నెలో గంటె గుచ్చి, అది పట్టుకుని అట్లాగే కూర్చుంది, వడ్డించకుండా, వదిలిపెట్టకుండా.