వీడ్కోలు జెండా మీద తేదీ

దక్షిణ కొరియాలోని డాంగ్డుచోన్‌లో నలభై ఏళ్లుగా అమెరికన్ సైనికుల చొక్కాలకు పేర్లు కుట్టిన క్వాక్ బాంగ్‌రేకు, వెళ్లిపోతున్న దళం ఆఖరి బేరం ఇచ్చింది. దళం జెండా మీద "ఎప్పటికీ మీ వెంటే" అని కుట్టాలి.

"మరి వెళ్లిపోతున్నారుగా బాబూ?"

"ఇక ముందు మీ సైన్యం నిలబడుతుంది మామ్మా, వెనక మేముంటాం," అని మేజరు ధైర్యం చెప్పాడు.

"ఎంత వెనక? సముద్రం అవతలా?"

మర్నాటికి జెండా సిద్ధమైంది. ఆ మాట కింద, అంతే పెద్ద బంగారు అక్షరాల్లో, దళం వెళ్లే తేదీ కూడా ఉంది.

"తేదీ విప్పెయ్. లేకపోతే జెండా తీసుకోను."

"మానెయ్యండి. నేనెలాగూ ఇక్కడే ఉంటాను."

బాంగ్‌రే దాన్ని కొట్టు ముందు వేలాడదీసింది. ఎంతైనా దళం జెండా కనుక, వెళ్లే రోజున మేజరు నియమం తప్పకుండా దానికి సెల్యూట్ చేసి మరీ వెళ్లాడు.