జగన్మోహన్ సర్వపిండి గిన్నె

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. జగన్మోహన్ ఒక చోట ఉంటే అతని నోరు ఇంకో చోట ఉంటుంది. మస్కట్‌లో ఏసీలు బాగుచేసిన నాలుగేళ్లూ అది చిక్కడపల్లిలోనే ఉంది. ఇంటికి రాసే ఉత్తరాల్లో భార్య మహేశ్వరి క్షేమం కంటే ముందు, గిన్నెలో అద్ది కాల్చే సర్వపిండి వచ్చేది. "మొన్న కలల సర్వపిండి తిన్న. పల్లీలు జర తక్కువైనయి" అని రాశాడోసారి. కలలో వడ్డించినా వంక పెట్టే మహానుభావుడు.

తొంభై నాలుగు వేసవిలో రెండు నెలల సెలవు మీద దిగాడు. దిగీ దిగగానే నోరు మస్కట్‌కు ప్రయాణం కట్టింది.

"అక్కడ ఖుబూస్ అని రొట్టె ఉంటది పెద్దమ్మా, అచ్చం దూదే!" అని ఎదురింటి వేదవతమ్మకు చెప్పాడు.

"దూదైతే తినుడెందుకు కొడకా, దిండ్లల్ల నింపుకోరాదు?" అందామె.

మొహం మాడినా పట్టు వదల్లేదు. పెట్టెలో మహేశ్వరికి ఒక సెంటు సీసా వచ్చింది. రెండు తువ్వాళ్లలో పసిబిడ్డలా చుట్టుకుని నాన్‌స్టిక్ పెనం వచ్చింది. దాన్ని గల్లీలో ఇంటింటికీ, ఆఖరికి అశోక్‌నగర్‌లో బావమరిది ఇంటికి కూడా మోసుకెళ్లి చూపించాడు. "నూనె అక్కర లేదు, అంటుకోదు, మసి పట్టది" అంటూ మంత్రం చదివాడు. నల్ల గిన్నెల్లో వండుకు తింటే రోగాలొస్తాయని వేదవతమ్మకు ఉచిత సలహా కూడా ఇచ్చాడు.

అంతటితో ఆగినా బాగుండేది. జగన్మోహన్ వాళ్లమ్మ ముప్పై ఏళ్లు సర్వపిండి కాల్చిన సత్తు గిన్నె ఒకటి వంటింట్లో ఉంది. గుండ్రని అడుగు, లోపలా బయటా కాటుక నలుపు. స్టీలు సామాను గంపతో గల్లీలోకొచ్చే మాసమ్మకు దాన్ని ఇచ్చేసి సబ్బుపెట్టె తీసుకున్నాడు.

"అది అత్తమ్మ గిన్నె, సర్వపిండికి..." అనబోయింది మహేశ్వరి.

"పెనం ఉన్నది గదా!"

మహేశ్వరి నోరు మూసుకుంది. ఆ మూసిన నోటితోనే ఏడు వారాలు మొగుణ్ణి ఆడుకుంది. రోజూ పప్పు, కూర, చారు. సర్వపిండి ఊసెత్తలేదు. జగన్మోహన్ నోరు తెరిచి అడిగితే ఖుబూస్ పరువు పోతుంది, అడగకపోతే ప్రాణం పోతుంది. శనివారం విమానమనగా మంగళవారం పొద్దున పరువు ఓడిపోయింది.

"మళ్ల ఎన్నేండ్లకొస్తనో... ఒక్కసారి సర్వపిండి చెయ్యరాదు?"

ఆమె బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు, కారం కలిపి ముద్ద చేసింది. పెనం మీద అద్ది మూత పెట్టింది. కాసేపటికి తెల్లగా, మెత్తగా, జ్వరం మనిషికి పెట్టే పథ్యం లాంటిది పళ్లెంలోకి వచ్చింది.

"ఇదేంది? ఎర్రగ కాలలే? నూనె పొయ్యలేదా?"

"అక్కర లేదని మీరే చెప్పిన్రు గదా. అశోక్‌నగర్ దాంక పొయ్యి చెప్పిన్రు."

జగన్మోహన్ తినకుండానే సుల్తాన్ బజార్‌కు ఆటో ఎక్కాడు. నాలుగు దుకాణాల్లో నల్ల గిన్నె అడిగాడు. ఐదో దుకాణాయన నవ్వాడు. "కొత్తది నల్లగ యాడ దొరుకుతదన్నా? తీస్కపొయ్యి ముప్పై ఏండ్లు వండుకో, అదే నల్లగైతది."

తిరుగుదారిలో నారాయణగూడలో మాసమ్మను పట్టుకున్నాడు.

"ఆ గిన్నెనా? మీ ఎదురింటమ్మనే తీస్కున్నది. రెండు పాత చీరలిచ్చింది."

వేదవతమ్మ ఇంటి గుమ్మంలో అడుగుపెట్టగానే వేగుతున్న నువ్వుల వాసన ముక్కుకు తగిలింది. పొయ్యి మీద అమ్మ గిన్నె.

"రోగాలొస్తయి కొడకా, దూరం నిలబడు" అందామె. "నేనంటె ముసల్దాన్ని. నువ్వు విమానమెక్కెటోనివి."

"పెద్దమ్మా, ఇజ్జత్ తియ్యకు."

"తియ్యనులే. ఒక్కటి నిజం చెప్పు. అక్కడ నువ్వు తినేదేంది?"

జగన్మోహన్ తలుపుకు ఆనుకున్నాడు. "గదిల ఆరుగురం. పొద్దున ఖుబూస్, రాత్రి ఖుబూస్. మహేశ్వరి పంపిన మామిడికాయ తొక్కు అయిపోయినంక సీసాల నీళ్లు పోసి గిలకొట్టి, అండ్ల ముంచుకున్న. దినాం అదే తింటున్నమని ఇంట్ల ఎట్ల చెప్పుడు? అందుకే మస్తుంటదన్న."

వేదవతమ్మ గిన్నె దింపి, ఎర్రగా కాలిన సర్వపిండిని చట్నీ లేకుండానే అతని చేతిలో పెట్టింది. అంచు విరిచి కరకర నమిలాడు. ఈసారి పల్లీలు సరిపోయాయో లేదో చెప్పలేదు.

"గిన్నె ఇస్త గని, నీ పెనం పట్టుకరా" అందామె. "ఇంగో, చూసి నేర్చుకో. పిండి లోపలికెల్లి అద్దాలె. ఏలితోని పొక్కలు పెట్టి పొక్కపొక్కకు నూనె పొయ్యాలె. గిన్నె సల్లారినంకనే రెండోది."

శనివారం ఆ రెండు తువ్వాళ్లే మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి. ఈసారి చుట్టింది సత్తు గిన్నెకు. మహేశ్వరి దాని గుంటలో బియ్యప్పిండి పొట్లం కుక్కి, మీద తొక్కు సీసాలు రెండు పెట్టింది.

నాన్‌స్టిక్ పెనం వేదవతమ్మ ఇంట్లో మంచినీళ్ల బిందె మీద మూతగా స్థిరపడింది. నూనె అక్కర లేదు, అంటుకోదు, మసి పట్టదు. జగన్మోహన్ చెప్పినవన్నీ నిజమే.