చిటికెన వేలు లేని చెయ్యి

ఇన్నేళ్లుగా ఒక చెయ్యి నా గుండె మీద బరువుగా ఉంది. మా చిన్నమ్మ చెయ్యి. ఆమె నన్ను ఎప్పుడూ కొట్టింది లేదు, ఒక మాట అన్నదీ లేదు. నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. అయినా మోయలేకపోతున్నాను. ఆ చేతికి నేనేం చేశానో మా ఆయనకు చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు వస్తోందేమో. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ ఈ మాట అనడం నావల్ల కాదు.

మొదట వింటే మీకు నవ్వొస్తుంది. ఎందుకంటే ఇదంతా ఒక సినిమా హీరో బొమ్మలతో మొదలైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కోవిల్‌పట్టిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు బొమ్మలు దిద్దడం నేర్పేదాన్ని. ఇంటర్నెట్లో ఆ హీరో అభిమానుల ఫోరం ఒకటి ఉండేది. అందులో ఎవరి పేరు పక్కన వాళ్లు ఒక చదరపు బొమ్మ పెట్టుకోవాలి. దాన్ని ఐకాన్ అనేవాళ్లం. ఎంత ఉంటుంది? బొటనవేలి గోరంత. ఆ గోరంత దానికోసం పూటలకు పూటలు కూర్చునేవాళ్లం. అడుగున హీరో ముఖం. దాని మీద తుప్పు రేకు ఫోటో ఒక పొర, పెచ్చులూడిన గోడ ఒక పొర, నలిగిన కాగితం ఒక పొర. ఒక్కో పొరనూ పలచన చేస్తూ పోతే అడుగున ఉన్న ముఖానికి ఎక్కడలేని కళ వచ్చేది. ఆ పై పొరలను టెక్స్చర్లు అంటారు. ఎవరి టెక్స్చర్ వాడుకుంటే వాళ్ల పేరు బొమ్మ కింద రాయాలి. అక్కడ ఉన్న కట్టుబాటు అదొక్కటే.

మారీశ్వరికి ఈ పిచ్చి అంటించింది నేనే. తను మా చిన్నమ్మ కూతురు, నాకంటే చిన్నది. విరుదునగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు సెంటర్‌కి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. నేర్పేటప్పుడు నిజంగా సంతోషపడ్డాను. తను నన్ను మించిపోతున్నప్పుడు ఆ సంతోషం ఎటు పోయింది? నేను ఇంటర్నెట్లో దొరికినవి ఏరుకుని అతికించేదాన్ని. తను నల్లరేగడి పగుళ్లను, అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసి గీసి అరిగిపోయిన చోటును, కంటబడిన ప్రతిదాన్నీ ఒక పొరగా చూసేది. ఫోరంలో నా బొమ్మలకు బాగుందని రాసినవాళ్లే తన బొమ్మల కింద ఎలా చేశావని అడిగేవాళ్లు. ఈ రెండు మాటలకీ తేడా నాకు తెలుసు.

మా చిన్నమ్మ తాయిల్‌పట్టిలో టపాసుల కంపెనీలో పనిచేసేది. మెరుపు కోసం కలిపే అల్యూమినియం పొడి ఆమె పని. సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి మోచేతుల దాకా వెండిరంగు పూసుకుని ఉండేది. కొబ్బరినూనె రాసుకుని, పీచుతో తోముకుని, ఆ తర్వాతే గిన్నె ముట్టేది. ఒకరోజు నేను వాళ్లింట్లో ఉండగా, తోముకోకముందే మారి ఎదురెళ్లి ఆమె కుడిచేతిని నల్ల చార్టు మీద అద్దించింది.

“ఏమిటికే మీకు నా చెయ్యి? ఆ హీరో పక్కన నన్ను నిలబెట్టేదానికా?” అని చిన్నమ్మ ఒకటే నవ్వు.

చెయ్యి తీస్తే నల్ల కాగితం మీద వెండి చెయ్యి. గీతలతో సహా పడింది. చిటికెన వేలు పైకణుపు దగ్గర కొంచెం బయటికి వంగి ఉంది. ఆ చేతికి ఒక్కదానికే, పుట్టుకతోనే అంత. ఎన్ని చేతులు కలిపి చూపించినా ఆ ఒక్క వేలు చూసి ఇది చిన్నమ్మది అని చెప్పేదాన్ని.

ఆ పొడి కాగితానికి పట్టుకుని నిలవదు. మారి దాన్ని ఎక్కడా తగలనివ్వకుండా బస్సులో విరుదునగర్ దాకా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి, ఒక డీటీపీ షాపులో పెద్దగా స్కాన్ చేయించింది. ఇల్లు చేరేసరికి కాగితం మీద బూడిద మరక మాత్రమే మిగిలింది. స్కాన్ చేసిన ఫైలును స్నేహితురాలి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నాకిచ్చింది. తనకు కంప్యూటర్ లేదు. అక్క దగ్గర భద్రంగా ఉంటుందనుకుంది. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఇచ్చెయ్యాలి కాబట్టి ఫైలును కట్ చేసి సెంటర్లో నా సిస్టంలో వేసుకున్నాను. తన ఈమెయిల్లో మిగిలింది ఒక చిన్న ముక్క. వెండి రవ్వలు కనిపిస్తాయి, చెయ్యని తెలియదు.

ఒక మధ్యాహ్నం సెంటర్లో ఎవరూ లేరు. ఊరికే చూద్దామని హీరో ముఖం మీద ఆ చెయ్యి పరిచాను. నలుపంతా మాయమై వెండి రవ్వలు మాత్రం ముఖం మీద నిలిచాయి. ఎంత బాగుందో చెప్పలేను. ఒక్కటే అడ్డం. చిటికెన వేలు సరిగ్గా హీరో కంటి మీద పడింది, వంకరగా. రబ్బరు టూల్ తీసుకుని ఆ ఫైలులోనే వేలిని చెరిపేశాను. సేవ్ చేశాను. వేరే పేరుతో కాదు, అదే పేరుతో. అసలు ఫైలు ముట్టుకోకండి, నకలు తీసుకుని పనిచేయండి అని పిల్లలకు మొదటి పాఠంగా చెప్పేదాన్ని నేనే. తెలియక చేశానని అనుకోవడానికి కూడా లేదు. ఆ నిమిషంలో నా ముందున్నది చిన్నమ్మ చెయ్యి కాదు, ఒక టెక్స్చర్, అంతే.

బొమ్మ కింద టెక్స్చర్ ఎవరిదో రాయాలి కదా. నా పేరు రాశాను.

ఎందుకు రాశాను? మారి చూడదనుకున్నానా? చూస్తుందని తెలుసు. చూసినా ఏమీ అనదని కూడా తెలుసు. బహుశా ఆ రెండోది తెలియడం వల్లే రాశాను. ఎలా చేశావు, ఎలా చేశావు అని అందరూ నన్ను అడుగుతుంటే ఆ వారమంతా నేల మీద నడవలేదు. తర్వాత మారి తన దగ్గరున్న ముక్కతో ఒక ఐకాన్ చేసి పెట్టింది. ఫోరంలో వాళ్లు తనను దొంగ అన్నారు. నా టెక్స్చర్ కొట్టేసిందన్నారు. చదివాను. ఆ పేజీ మూసేసి పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్లాను. మారి నన్ను ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఒక్క బొమ్మ కూడా చేయలేదు.

ఇంతవరకే అయితే ఇది చిన్నపిల్లల గొడవ. నేనూ ఏదో ఒకనాడు తనకు చెప్పేసి, ఇద్దరం నవ్వుకునేవాళ్లమేమో.

మరుసటి ఎండాకాలం చిన్నమ్మ పనిచేసే గదిలో మందు అంటుకుంది. గుడ్డలో చుట్టి అప్పగించారు. ముఖం చూపించలేదు, చేతులు చూపించలేదు. ఇంట్లో ఆమె ఫోటో అంటే రేషన్ కార్డు మీది తల ఒక్కటే.

కర్మ అయిన మర్నాడు మారి నన్ను పెరట్లోకి పిలిచింది. చిన్నమ్మ చేతులు తోముకునే రాయి మీద కూర్చున్నాం. ఆ రాయి ఇంకా వెండిరంగుగానే ఉంది.

“అక్కా, అమ్మ చెయ్యి ఫైలు నీ కాడ ఉండాది కదా?”

“ఏది?” అన్నాను. ఏదో నాకు తెలుసు.

“అదేక్కా, నల్ల చార్టులో అద్దితిమే. దాన్ని పెద్దగా ప్రింటు తీసి గోడన తగిలించాల. మొగం కూడా చూడనీలేదు కదక్కా.”

“నా కాడ లేదు మారీ. సిస్టం చెడిపోతే అంతా అళిచేసిరి. ఏమీ మిగల్లే.”

“సత్తియమా లేదా?”

“సత్తియమా లేదు.”

నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు మారి తన కొంగుతో నా కళ్లు తుడిచింది. “సరిక్కా, ఏడవద్దు. నువ్వేం చేస్తావు” అంది. తల్లి పోయిన పిల్ల నన్ను ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను.

ఫైలు ఉంది. ఇవ్వొచ్చు. కానీ ఇస్తే, తను మొట్టమొదట ఆ వేలినే చూస్తుంది. వేలు ఏదక్కా అంటే ఏం చెప్పను? హీరో కంటికి అడ్డం వచ్చిందని చెప్పనా?

ఆ తర్వాత దొంగపని ఇంకొకటి కూడా చేశాను. పక్కవేలి మీది రవ్వలనే నకలు తీసి, చెరిపిన చోట అద్ది, చిటికెన వేలు కట్టాలని చూశాను. ఎన్నిసార్లు కట్టినా అది తిన్నగా వచ్చేది. వంచితే విరిచినట్టు ఉండేది. చేసింది చెరపడం, మళ్లీ చేయడం. చివరికి కంప్యూటర్ ముందు కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. సెంటర్ ఎత్తేసేటప్పుడు ఆ ఫైలును, వేలు లేకుండానే, ఒక సీడీలో ఎక్కించుకుని తెచ్చుకున్నాను. నా బీరువాలో చీరల కింద ఉంది. నా పెళ్లి చీర కంటే జాగ్రత్తగా దాచింది దాన్నే. ఇవ్వడానికి దాచానా, దొరకకుండా దాచానా? నాకే తెలియదు.

మారికి పెళ్లయింది. విరుదునగర్‌లోనే ఉంటుంది. నేను వెళ్తే ఇప్పటికీ ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంటుంది. మొన్న వెళ్లినప్పుడు తన కూతురికి అన్నం తినిపిస్తూ, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాకు చూపించింది.

“చూడక్కా, దీని చిటికెనేలు వంకర. అమ్మకీ ఇట్లానే ఉండె. రొంబ నాళ్లాయె, కుడిచెయ్యో ఎడమచెయ్యో నాకు గ్యాపకం రాలే. నీకుండాదా?”

పిల్ల వేలు నా ముందు ఉంది. పైకణుపు దగ్గర, బయటికి. అదే వంపు. నేను కట్టలేకపోయిన వంపు.

“నాకూ లేదు” అన్నాను.

తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా నా చెయ్యి నేనే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తల్లి చేతిని కూతురు మరిచిపోతోంది. గుర్తున్న నేను గుర్తులేదంటున్నాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు. ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, నిజం నా నోటి నుంచి బయటికి రావాలి. వస్తే ఊపిరి ఆడుతుంది. అంతకంటే ఏమీ ఆశపడటం లేదు.

కుడిచెయ్యి, మారీ. ఫైలు నా దగ్గరే ఉంది. అరచెయ్యి ఉంది, గీతలున్నాయి, నాలుగు వేళ్లూ ఉన్నాయి. చిటికెన వేలు లేదు. నేనే చెరిపేశాను.