లంకకి వెళ్ళిన ఫోను

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు అంతు చిక్కలేదు.

రాజమండ్రిలో వరద హెచ్చరికలు పంపే ఒక ఆఫీసు కంప్యూటర్లని సైబర్ దాడుల నుంచి కాపాడటం నా ఉద్యోగం. ఆ ఏడాది గోదావరి పోటు మీదున్నప్పుడే ఎవరో మా సిస్టమ్‌లోకి చొరబడ్డారు. మా పేరుతోనే గోదావరి మధ్యనున్న లంక గ్రామాల ఫోన్లకి మెసేజ్ కొట్టేశారు: గట్టు తెగింది, వెంటనే పడవలెక్కి ఒడ్డుకి వచ్చేయండి.

గట్టు తెగలేదు. ఆ సుడుల్లో పడవెక్కితేనే ప్రాణాలు పోతాయి.

సర్వర్లు మా చేతిలో లేవు. పైవాళ్ళు బయట నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నా లంకలకి లైన్లు కలవడం లేదు. నేను సర్వర్ రూంలో ఒక్కో మిషన్నీ నెట్‌వర్క్ నుంచి విడదీస్తున్నాను. రూలు ప్రకారం నా సెల్ బయట లాకర్లో ఉంది. కొన్ని రోజులుగా సరైన నిద్ర లేక ఒళ్ళు తూలిపోతోంది. సాయంత్రానికి సిస్టమ్ మా చేతికొచ్చాక అసలు మెసేజ్ పంపాం. అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నాను.

ఎవరికీ ఏమీ కాలేదు.

వరద తీశాక, దొంగ మెసేజ్‌ల గురించి చెప్పడానికి ఒక లంకకి వెళ్ళాను. నేను మాట్లాడుతుండగానే ఆ ఊరి సర్పంచి అయిన పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీరేనా బాబూ! గొంతు వినగానే పోల్చుకున్నాను. ఆ రోజు మీరు ఫోన్ చేసేసరికి పిల్లల్ని పడవెక్కించేశామండి."

"నేను చెయ్యలేదమ్మా."

"అదేంటండి! మెసేజ్ నమ్మొద్దు, అందర్నీ దింపేయండి అన్నారు కదా. పాపం, ఎంత నీరసంగా మాట్లాడారో."

ఆవిడ ఫోన్ చూపించింది. నా నంబరే. నేను సర్వర్ రూంలో ఉన్న టైమే. నా ఫోన్లో ఆ కాల్ లేదు. ఫోన్ కంపెనీ వాళ్ళని అడిగితే వాళ్ళ రికార్డులోనూ లేదన్నారు.

నంబరు దొంగిలించొచ్చు, గొంతూ పుట్టించొచ్చు. అలాంటివి పట్టుకోవడమే నా పని. కానీ జనాన్ని ముంచడానికి వచ్చినవాడు ఆఖర్న ఎందుకు కాపాడతాడు? వాడు కాకపోతే ఎవరు? ఎంత ఆలోచించినా ఇక్కడే ఆగిపోతున్నాను.

ఏటా వరద రోజుల్లో ఆవిడ ఫోన్ చేస్తుంది. "ఎవరేం పంపినా సరేనండి, మీ గొంతు వింటేనే కదులుతాం" అంటుంది.

ఆ గొంతు నాది కాదని మళ్ళీ చెప్పే ఓపిక లేదు. "అలాగేనమ్మా" అని పెట్టేస్తాను. ఆ గొంతు మళ్ళీ వస్తే ఈసారి ఏం చెబుతుందోనని చాలాసేపు పని మీద మనసు నిలవదు.