నాయన చెవి, పొట్టేలు గంట

మా నాయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. చీము పట్టినా ఆకు పసర్లు పిండుకుంటూ కాలం గడిపి, చివరికి హిందూపురం డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అందులో వినికిడి మిగల్లేదు. "శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి" అన్నాడు డాక్టరు. ఒకటి వినిపిస్తోంది కదా, చాల్లే అనుకున్నాడు నాయన.

పెనుకొండ దగ్గర మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో గంట కడతాం. కంపచెట్ల మధ్య గొర్రెలు కనపడకపోయినా గంట ఎటు పోతే మంద అటు పోయినట్టే. నాయనకు ఇప్పుడు ఆ గంట ఎప్పుడూ కుడివైపే మోగేది. ఆయన కుడికి పరుగెత్తితే మంద ఎడమనున్న చెనక్కాయ చేలో పడేది.

"ఏమప్పా, నేను ఈడ అరుస్తాంటే నువ్వు ఆడికి పోతాండావే!" అని చేను ఆసామి తిట్టిపోశాడు.

"గొర్రెలు అమ్మేద్దామయ్యా" అంది అమ్మ ఆ సాయంత్రం. "పక్కనే రైలు కట్ట ఉండాది. మంద దాని మీదికి పోతే ఏం చేస్తావు?"

నాయన అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఆయనకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇదొక్కటే పని. గొర్రెలు పోతే మనిషి ఏమైపోతాడోనని నాకు భయం వేసింది.

తర్వాత ఆయన ఒక అలవాటు పట్టాడు. గంట వినపడగానే ఆగి తల మెల్లగా తిప్పేవాడు. మంచి చెవి ఎటు తిరిగినప్పుడు మోత గట్టిగా వినిపిస్తే అటు కాస్త నడిచేవాడు. ఈలోగా మంద కదిలేది, మళ్లీ తల తిప్పేవాడు.

"టేబుల్ ఫ్యాను మాదిరి తిరగతాండావు" అని అమ్మ ఎగతాళి చేసింది. నాకూ నవ్వాగలేదు.

చలికాలం ఒక పొద్దున అమ్మా నేనూ ఆయనతో వెళ్లాం. చేయి చాపితే చేయి కనపడనంత మంచు. ధర్మవరం వైపు నుంచి రైలు కూసింది. గంట ఎక్కడో మోగుతోంది. మేమిద్దరం కొయ్యబారిపోయాం. నాయన కళ్లు మూసుకున్నాడు. తల తిరిగింది, ఆగింది, గంటతో పాటే ఇంకొంచెం తిరిగింది. అంతే, కంపల్లో పడి ఎడమకు పరుగెత్తాడు.

మేం చేరేసరికి కట్ట కింద పొట్టేలు మెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతుల నిండా ముళ్ల గీతలు. చుట్టూ మంద, పైన రైలు. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

అమ్మ అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఇంట్లో ఆయన్ను ఒక్కసారి పిలిచి ఊరుకోదు. ఆ తల తిరిగి తిరిగి, ముఖం తనవైపు నిలిచేదాకా పిలుస్తూనే ఉంటుంది.