మావయ్య ముందు పాడిన పాటలు

మావయ్య పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను అభన్‌పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. అక్కడి స్కూల్లో పాఠాలు చెప్పి రోజూ ఆ వేళకే రాయ్‌పూర్ తిరిగొస్తాను. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి టీకి లేవలేదని మా ఆయన చెప్పారు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. బస్సు వచ్చింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, నేనే కూర్చోలేకపోయాను. కండక్టరు కూర్చోమని చెప్పి చెప్పి ఊరుకున్నాడు. ఊరొచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను. కర్మకాండ అయిపోయినా నాకు ఇంకా కుదురు రాలేదు. పొయ్యి మీద పాలు పెట్టి గుమ్మంలోకి వస్తాను, ఎందుకొచ్చానో తెలీదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎన్నిసార్లు లేచి తిరిగానో.

ఆయన మా మామగారు. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో చేరారు. ఇనుప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యేసరికి చెవులు దాదాపు పోయాయి. వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి, ఆ పక్కనే కట్టుకున్న ఇంటికి మారాక కూడా షాపు వేళలకే లేచేవారు, షాపు వేళలకే గేటు దగ్గర నిలబడేవారు. ఆయన్ని కూర్చోబెట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. "కూకుంటే తుప్పడతామే అమ్మా" అనేవారు నాతో. ఫ్యాను రెక్కలు తుడిచేవారు, బాగానే ఉన్న కొళాయి విప్పి మళ్లీ బిగించేవారు.

మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉన్న వేసవిలో ఆయన దృష్టి మా ఆయన పాత లాప్‌టాప్ మీద పడింది. బ్యాటరీ పోయి, కరెంటు తీగ తగిలిస్తేగాని వెలగని లాప్‌టాప్ అది. మా వీధిలోని పిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో రైలు పట్టాల వైపు పోతున్నారని ఆయనకు దిగులు. ఏదో పెళ్లిలో, పాట లేకుండా సంగీతం మాత్రం వస్తుంటే తెర మీద మాటలు చూసి పాడటం చూశారట. అది మనింట్లో పెట్టమని కొడుకు వెంట పడ్డారు. ఒక ఆదివారం మా ఆయన కూర్చుని అలాంటి పాటలు వెతికి లాప్‌టాప్‌లో వేశారు. మావయ్య వినాయకుడి పందిరి వాళ్లనడిగి మైకు తెచ్చారు. పాత స్పీకరు పెట్టెకి తీగలు కలిపారు. మొదటిరోజు ఆ పెట్టె కుయ్యోమని అరిచింది. పిల్లలంతా చెవులు మూసుకున్నారు. మావయ్య మాత్రం అంతా సవ్యంగా ఉందనుకుని, మొదలెట్టమని చెయ్యి ఊపారు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మా ముందు గదిలో పాటలే. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగు అక్షరాలు రావు. అందుకని తెలుగు పాటల మాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెర మీద నడిచేవి, మాట మాటకీ రంగు మారుతూ. మావయ్య స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. చేతికి అదురు తగిలితే పాట మొదలైనట్టు. ఎవరైనా సిగ్గుపడితే, "ముందు నోరు తెరు, మంచీ చెడ్డా తరవాత సూద్దాం" అనేవారు.

మా అమ్మాయి కూడా వరసలో నిలబడేది. మైకు పట్టుకునేది, పెదాలు కదిపేది. నేను వంటింట్లోంచి వింటే సంగీతమే వినిపించేది. మైకు సరిగ్గా పనిచేయట్లేదనుకున్నాను. కనిపెట్టింది మావయ్యే. చప్పుడులో ఎదుటివాడి మొహం చూసి మాట పట్టుకోవడం ఆయనకు షాపులో అలవాటైన విద్య. పాట మధ్యలో ఆపించి, దాని దగ్గరికి వెళ్లి వంగారు.

"గొంతు కదలట్లేదేటే? నోరే ఆడతంది. ఎవులు చెప్పారు నీకిలాగ?"

అది నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పింది. ఆయన చెవి దగ్గరగా పెట్టారు. చివరికి ఏడుస్తూ గట్టిగా అరిచింది: "మ్యూజిక్ మేడమ్ నన్ను పాడొద్దంది తాతా! నా గొంతు బాలేదంట. వెనక లైన్లో నిలబడి ఖాలీ పెదాలు ఆడించమంది!"

స్కూల్ ఫంక్షన్లో వాళ్ల క్లాసు పిల్లలంతా కలిసి పాడి అప్పటికి కొన్ని నెలలైంది. ఆ రోజు ముందు వరసలో కూర్చుని నేను చప్పట్లు కొట్టాను. ఇన్నాళ్లూ మాకు చెప్పని సంగతి, చెవులు వినపడని తాతకి చెప్పడానికి పిల్ల ఇల్లంతా వినపడేలా అరవాల్సి వచ్చింది. గరిటె చేత్తోనే గుమ్మం దాకా వచ్చాను. మావయ్య నన్ను చూసి, లోపలికి వెళ్లమని సైగ చేశారు. మిగతా పిల్లల్ని కూడా పంపేశారు.

"నాకెలాగా ఇనబడదు కదేటి. నా ముందు పాడు. ఎలాగున్నా నాకేటి తెలస్తాది?"

నేను మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాను. తర్వాత ముందు గదిలోంచి దాని గొంతు వచ్చింది. బొంగురుగా, వణుకుతూ, తాళం తప్పుతూ. ఆయన పెట్టె మీద చెయ్యి తీసేసి, దాని గొంతు మీద రెండు వేళ్లు ఆనించి నిలబడ్డారని తర్వాత అదే చెప్పింది.

ఆ ఏడు చలికాలంలో మా ఆయన తండ్రికి చెవి మిషను కొనిపెట్టారు. పక్కింటివాళ్ల మాటలు కూడా వినపడుతున్నాయని మావయ్య రెండు రోజులు సంబరపడ్డారు. మూడోనాడు మైకు పట్టుకున్న పిల్ల తాత చెవి వైపు చూసి నోరు మూసేసుకుంది. ఆయన మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. అప్పుడు పాడింది. ఇక పాటల వేళ రోజూ అదే వరస. ఇంత ఖర్చుపెట్టి తెచ్చింది జేబులో పెట్టుకోవడానికా అని కొడుకు విసుక్కున్నారు. "ఇది పెట్టుకుంటే దాని నోరు మూతపడతంది. నాకు కాసేపు ఇనబడకపోతే కొంపేటీ మునగదు" అని ఆయన జవాబు.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, అది మైకు కింద పెట్టి తాత జేబులోంచి మిషను తీసింది.

"పెట్టుకో తాతా. ఈసారి విను."

నేను వంటింట్లో కొళాయి కట్టేశాను. అది ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. బాగా పాడిందని చెప్పను. మధ్యలో ఊపిరి అందక ఒకచోట మాట మింగేసింది. పాటయ్యాక మావయ్య కుర్చీలో కూర్చున్నారు. ఆయన అలా తనంతట తాను కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"మీ నానమ్మ గొంతే ఇది. అచ్చం ఇలాగే బొంగురు. నాకు చెవులు పోయాక ఆవిడ మాట ఎలాగుండేదో మర్సిపోయాను."

అత్తగారు నేను కోడలిగా రాకముందే పోయారు. ఆవిడ గొంతు ఎలా ఉండేదో మా ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మావయ్య అదే పాట మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. మిషను తీయలేదు.

మా అమ్మాయి గాయని కాలేదు. నాగ్‌పూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అంట్లు తోముతూ పాడుతుంది, బట్టలు ఆరేస్తూ పాడుతుంది, ఎవరేమంటారోనని చుట్టూ చూడదు. తాత పోయిన కబురు విని రైలెక్కి వచ్చింది. వచ్చినప్పటినుంచి ఏడవలేదు, పాడలేదు. నాలాగే ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ ఉండిపోయింది.

తిరిగి వెళ్లే రోజు సాయంత్రం దాన్ని స్కూటీ మీద స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను. దారిలో రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఒకటి మెల్లగా కదులుతోంది. ఎంతకీ తరగట్లేదు. ఇంజను ఆపేశాను. ఆ చప్పుడులో ముందు నాకేమీ తెలియలేదు. తర్వాత నా వీపుకి సన్నగా అదురు తగిలింది. వెనక నా భుజానికి చెంప ఆనించుకుని అది పాడుతోంది. ఏ పాటో వినపడలేదు. దాని ఊపిరి మాత్రం నా చీర మీద వెచ్చగా తగులుతోంది. చివరి వ్యాగను దాటిపోయింది, గేటు లేచింది. వెనక బళ్లు హారన్లు మొదలుపెట్టాయి. అది ఆపలేదు. నేను బండి స్టార్ట్ చేయలేదు.